ఆకు ముందు, కోడ్ తర్వాత

ఆకు ఫోటో చూసి పంట తెగులు చెప్పే కంప్యూటర్ మోడల్ తయారీ నేర్చుకోవాలని నా దగ్గరికి వచ్చే పిల్లలు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వస్తారు. ఆ సంచీ అరుగు మీద పెట్టించి, చేతికి ఫోను ఇచ్చి ముందు కయ్యలోకి దించుతాను. ఆకు ఫోటో తీయడం వచ్చేదాకా కోడ్ జోలికి పోనివ్వను. ఓపెన్ సోర్స్ పుణ్యమా అని కోడ్ ఇవాళ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. నాయుడుపేట చుట్టుపక్కల నేలలో, ఇక్కడ వేసే వరి వంగడాల మీద అగ్గి తెగులు ఎట్టా ఉంటుందో చూపించే మంచి ఫోటోలు మాత్రం ఎవరూ తీసిపెట్టలేదు. అవి మనమే తీసుకోవాలి.

ముందు వేళ చూసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు ఆరాక, ఎండ ముదరకముందు తీయాలి. మంచు బొట్టు ఆకు మీద ఉంటే వెలుతురు పడి తెల్లగా మెరుస్తుంది, మోడల్ దాన్నీ మచ్చ అనుకుంటుంది. నడినెత్తి ఎండలో తీస్తే ఆకు తెల్లబోతుంది. అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారంలో ఉంటుంది, రెండు కొసలూ సన్నగా, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. ఆ అంచే దాని ఆనవాలు. ఎక్కువ వెలుతురులో ముందు పోయేది ఆ అంచే. సూర్యుడికి పూర్తిగా వీపు పెడితే మన నీడ ఆకు మీద పడుతుంది, అందుకని కాస్త ఓరగా నిలబడాలి. ఫోను లెన్స్ తుడవకుండా తీయొద్దు, పొలంలో తిరిగే ఫోను మీద ఎప్పుడూ చెమటో బురదో ఉంటుంది.

ఒక్కో మొక్కకు మూడు ఫోటోలు కావాలి. దగ్గరగా మచ్చ, ఆ తర్వాత ఆకు మొత్తం, ఆ తర్వాత కాస్త వెనక్కి జరిగి మొక్క నిలబడిన చోటు. ఈ మూడోది మోడల్‌కు ఇవ్వం. లేబుల్ రాసే మనిషి కయ్య ఎట్టా ఉందో చూసుకోవడానికి అది. తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని ప్రతి రైతుకూ చెబుతాం. మామూలుగా పంపితే అది ఫోటోను కుదించేస్తుంది, మచ్చ అంచు చెదిరిపోతుంది. ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరం కూడా ఊడిపోతుంది.

నేను వ్యవసాయ డిప్లొమా చదివి, నాయుడుపేట బజారులో పురుగుమందుల అంగట్లో ఏళ్ళ తరబడి కౌంటరు దగ్గర నిలబడినవాణ్ణి. రైతు వాడిపోయిన ఆకొకటి తువ్వాల్లో చుట్టుకుని తెచ్చి కౌంటరు మీద పెడతాడు. "ఇదేందో చూసి మందియ్యి" అంటాడు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. అర నిమిషంలో చెప్పాలి. మా యజమాని ఈ విషయంలో గట్టి మనిషి. అనుమానం వస్తే మందు ఇవ్వొద్దు, చేనికి పోయి చూసి రా అని తన బండి తాళం చేతిలో పెట్టేవాడు. మందు అమ్మి బతికే మనిషి ఆ మాట అన్నాడంటే దానికి విలువుంది. ఈ పనికి నాకు పునాది పడింది అక్కడే.

రెండో గురువు మా సారు. పరిశోధనా స్థానాల్లో తెగుళ్ళ శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరై ఇటువైపు స్థిరపడ్డారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం, సంచీలో ఒక కత్తెర, ఒక గాజు గ్లాసు ఉంటాయి. ఆ గ్లాసు ఎందుకో చెబుతాను, ఇది ప్రతివాళ్ళకూ తెలియాల్సిన పరీక్ష. వరి ఆకు కొస నుంచి అంచుల వెంబడి ఎండుకుంటూ వస్తుంటే బాక్టీరియా ఎండాకు తెగులని అనుమానిస్తాం. ఎండిన భాగం, పచ్చటి భాగం కలిసే చోట కత్తెరతో కోసి, ఆ ముక్కను గ్లాసులో తేట నీళ్ళలో నిలబెట్టాలి. గ్లాసు వెనక నల్లగుడ్డ పట్టుకుని వెలుతురులో చూడాలి. బాక్టీరియా ఉంటే కొద్ది నిమిషాల్లో కోసిన అంచు నుంచి సన్నటి తెల్లటి ధార నీళ్ళలోకి దిగుతుంది. ధార దిగితే ఇక అగ్గి తెగులు మందు కొని లాభం లేదు. శిలీంధ్రాన్ని చంపే మందు బాక్టీరియాను ఏమీ చేయదు. యూరియా వేయడం ఆపి, నీళ్ళు తీసి కయ్యను ఆరగట్టాలి. ఫోను ఎంత తెలివైనదైనా ఈ గ్లాసు మాత్రం సంచీలో ఉండాల్సిందేనని సారు మొదటి రోజే చెప్పారు. ఇప్పటికీ ఉంది.

కంప్యూటరు వైపు నాకు దారి చూపింది మా ఊరి కుర్రాడు. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చేవాడు. ఆదివారాలు కూర్చోబెట్టి పైథాన్ నేర్పాడు. అప్పటికి గూగుల్, మోడళ్ళు కట్టే పనిముట్టు టెన్సర్‌ఫ్లోను బయటపెట్టి చాలా రోజులైంది, అది 2015 నవంబరులో వచ్చింది. పైటార్చ్ కూడా వచ్చేసింది. మనం సున్నా నుంచి మోడల్ కట్టక్కర్లేదని అతను చెప్పినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇమేజ్‌నెట్ అనే పెద్ద బొమ్మల సేకరణ మీద ఎవరో ముందే శిక్షణ ఇచ్చిన మోడల్ ఉంటుంది. అంచులు, రంగులు, గీతలు గుర్తుపట్టడం దానికి అప్పటికే వచ్చు. దాని చివరి పొరలు తీసేసి, మన తెగుళ్ళ పేర్లతో కొత్తవి తగిలించి, మన ఫోటోలతో మళ్ళీ నేర్పుతాం. ట్రాన్స్‌ఫర్ లెర్నింగ్ అంటారు దీన్ని. ఉచితంగా దొరికే గూగుల్ కొలాబ్ మీదే మొదటి మోడల్ తయారైంది, మా ఇంట్లో అంత శక్తి ఉన్న కంప్యూటర్ లేదు.

ఈ రంగంలో అందరూ మొదట తెరిచేది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హ్యూజ్, స్విట్జర్లాండ్‌లో మార్సెల్ సలాతే కలిసి దాన్ని అందరికీ తెరిచిపెట్టారు. 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు. 2016లో శరద ప్రసన్న మహంతి వీళ్ళిద్దరితో కలిసి ఆ ఫోటోల మీద మోడల్‌కు శిక్షణ ఇచ్చి, అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫోటోలతో పరీక్షిస్తే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. ఇంతవరకే చదివి చాలామంది ఆగిపోతారు. వేరే చోట వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయిందని రాసింది కూడా ఆ పరిశోధకులే. ఆ నిజాయితీకి నేను దణ్ణం పెడతాను. మా పని మొత్తం ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే.

అంత తేడా ఎందుకంటే, ఆ ఆకులను మొక్క నుంచి కోసి, ఒకే రంగు కాగితం లాంటి వెనుకతలం మీద పెట్టి తీశారు. 2022లో ఒక పరిశోధకుడు ఇంకో పరీక్ష చేశాడు. ఆకును అసలు చూపించకుండా, ఫోటో వెనుకతలంలోంచి 8 పిక్సెళ్ళు మాత్రమే తీసుకుని మోడల్‌కు నేర్పాడు. అది 49 శాతం సరిగ్గా చెప్పింది. గుడ్డిగా చెబితే వచ్చేది 2.6 శాతం. అంటే ఒక్కో తెగులు ఫోటోలు ఒక్కో చోట, ఒక్కో వెలుతురులో తీశారు, మోడల్ ఆ వెలుతురును బట్టీపట్టింది. ఈ సంగతి ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే మీకు సగం విద్య వచ్చినట్టే. ఇంకో సంగతి, ఆ డేటాసెట్‌లో టమాటా ఉంది, బంగాళాదుంప ఉంది, ఆపిల్ ఉంది. వరి లేదు. వేరుశెనగా లేదు, నిమ్మా లేదు. మా పంటలేవీ లేవు.

2017లో ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, జర్మనీకి చెందిన పీట్ సంస్థ కలిసి ప్లాంటిక్స్ యాప్‌ను తెలుగులో తెచ్చాయి. ఫోటో తీస్తే తెగులు పేరు తెలుగులో కనిపించడం రైతులు అప్పుడే చూశారు. ఆ పని మీద నాకు గౌరవం. కానీ దాని లోపలి మోడల్ తెరిచి నేర్చుకునే వీలుండదు గనుక మేం ఓపెన్ సోర్స్ దారినే పట్టాం.

వరికి మాకు దొరికిన మంచి ఆధారం పక్క రాష్ట్రం నుంచి వచ్చింది. తమిళనాట తిరునల్వేలి వైపు కయ్యల్లో తీసిన ఫోటోలతో ప్యాడీ డాక్టర్ అనే డేటాసెట్ తయారుచేశారు. 16,225 ఫోటోలు, 12 రకాల తెగుళ్ళూ పురుగుల నష్టాలూ, వాటితోపాటు ఆరోగ్యంగా ఉన్న వరి. అందులో 10,407 ఫోటోలను 2022లో కాగుల్ అనే ఆన్‌లైన్ వేదిక పోటీలో శిక్షణకు ఇచ్చారు. ఫాస్ట్.ఏఐ పాఠాలు చెప్పే జెరెమీ హోవర్డ్ కూడా ఆ వరి ఆకులతోనే పాఠాలు చెప్పాడు. మా కుర్రాడు, నేను ఆ పాఠాలు చూసే నేర్చుకున్నాం. ఎక్కడో ఉన్న మనిషి తెర మీద మన వరికి వచ్చే టుంగ్రో తెగులు ఆకు చూపిస్తుంటే నాకెంత సంతోషమైందో.

అయితే ఆ మోడల్‌ను నేరుగా తెచ్చి మా కయ్యలో నిలబెడితే కుదరదు. ఆ పోటీ ఫోటోల్లో మూడింట రెండు వంతులు ఏడీటీ 45 అనే ఒక్క వంగడానివే. మా దగ్గర నెల్లూరు మసూరి ఉంటుంది, సాంబ మసూరి అనే బీపీటీ 5204 ఉంటుంది. నెల్లూరు మసూరి అంటే ఎన్ఎల్ఆర్ 34449. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం 1937 నుంచి పనిచేస్తోంది, అగ్గి తెగులును తట్టుకునే వంగడాలకు దానికి పేరు. అగ్గిని తట్టుకునే మొక్క మీద మచ్చ పూర్తిగా విచ్చుకోదు, చిన్న గోధుమ చుక్కగా ఆగిపోతుంది. సాంబ మసూరి మీద అదే అగ్గి పెద్ద కండె మచ్చగా వస్తుంది. ఒకే తెగులు, రెండు ముఖాలు. చిన్న చుక్కగా ఆగినదాన్ని బయటినుంచి తెచ్చిన మోడల్ గోధుమ మచ్చ తెగులంటుంది. ఇంకా పెద్ద చిక్కు, ఆ డేటాసెట్ తెగుళ్ళ జాబితాలో పాముపొడ తెగులు లేనే లేదు. జాబితాలో లేని తెగులును మోడల్‌కు చూపిస్తే ఉన్నవాటిలోంచి ఏదో ఒక పేరు చెప్పేస్తుంది.

పాముపొడ దగ్గర నాకు పాఠం చెప్పింది మేనకూరు వైపు కలుపు తీసే ఒక పెద్దమ్మ. మేం గట్టు మీద వంగి పైనుంచి ఫోటోలు తీస్తుంటే కాసేపు చూసి, "పైనుంచి ఏం కనపడద్ది అబ్బయా, దుబ్బు విడదీసి మొదలు చూడు" అంది. విడదీస్తే నీటిమట్టానికి కాస్త పైన, ఆకు తొడిమ మీద పచ్చగా బూడిదగా పాము ఒంటి మీది పొడల్లాంటి మచ్చలు. పై ఆకులు నిగనిగలాడుతున్నాయి. రోజంతా నడుం వంచి మొదళ్ళు చూసే కళ్ళు అవి, మొదట పట్టుకునేది వాళ్ళే. అప్పటినుంచి మా పద్ధతి మారింది. ప్రతి కయ్యలో కనీసం కొన్ని దుబ్బులు విడదీసి మొదళ్ళ ఫోటో తీయాల్సిందే. కలుపు తీసేవాళ్ళను అడగకుండా కయ్యలోంచి బయటికి రావడం లేదు.

ఇక లేబుళ్ళు. దీన్ని నేర్చుకునేవాళ్ళు గుమాస్తా పని అనుకుంటారు. అసలు విద్య ఇదే. లేబుల్ స్టూడియో అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు వాడతాం. ఒక ఫోటోకు ఇద్దరు వేరువేరుగా పేరు పెట్టాలి. ఒకరు పెట్టింది ఇంకొకరికి కనపడదు. ఇద్దరూ ఒకటే అంటే అది లోపలికి పోతుంది. తేడా వస్తే సారు దగ్గరికి పోతుంది. సారు కూడా చెప్పలేకపోతే కయ్యకు మళ్ళీ పోవాలి, లేదా ఆ ఫోటో పక్కన పెట్టాలి. పక్కన పెట్టడానికి పిల్లల మనసు ఒప్పదు, కష్టపడి తీసింది కదా. ఒప్పించడం నా పని. తప్పు పేరుతో ఉన్న ఫోటో ఒక్కటి లోపలికి పోతే, పది మంచి ఫోటోలు నేర్పిన పాఠాన్ని అది చెడగొడుతుంది. మా మండలంలో రైతు సేవా కేంద్రంలో పనిచేసే ఒక సహాయకురాలు ఈ పనిలో మాకు కుడిచెయ్యి. జింకు లోపాన్ని, టుంగ్రోను ఆమె విడదీసినంత తేలికగా నేను ఇప్పటికీ విడదీయలేను. ఆమె ఆకు చూడకముందు నాటు వేసిన తేదీ అడుగుతుంది, ఆ తర్వాత పచ్చదోమ ఉందా అని అడుగుతుంది. టుంగ్రోను మోసుకొచ్చేది ఆ దోమే కాబట్టి.

శిక్షణకు ఫోటోలు విడదీయడంలో ఒక మెలకువ ఉంది, దీన్ని చాలా పెద్ద చదువులవాళ్ళు కూడా వదిలేస్తారు. ఒకే కయ్యలో తీసిన ఫోటోలు కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు పెడితే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. కొత్త ఊరి కయ్యకు పోగానే పడిపోతాయి. అందుకని మేం ఫోటోలవారీగా విడదీయం, కయ్యలవారీగా విడదీస్తాం. తుమ్మూరు కయ్యలు నేర్పడానికైతే అన్నమేడు కయ్యలు పరీక్షకు. అట్టా చేస్తే మార్కులు తక్కువ కనిపిస్తాయి, చూసేవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ రైతు దగ్గర నిలబడేవి ఆ తక్కువ మార్కులే.

ఫోటోలను తిప్పి, కోసి, వెలుతురు మార్చి ఒకదాన్ని పది రకాలుగా చూపించడం మామూలే. రంగు మార్చే మీట ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. కుక్క బొమ్మకు రంగు మారినా అది కుక్కే. టుంగ్రో వచ్చిన ఆకుకు పసుపు, నారింజ రంగులే గుర్తు. ఆ రంగు మారిస్తే తెగులే మారిపోతుంది. అట్టాగే ఫోటో మొత్తాన్ని 224 పిక్సెళ్ళకు కుదించి ఇస్తే చిన్న మచ్చలు మాయమైపోతాయి. ఆకు పొడుగునా ముక్కలు కోసి ఒక్కో ముక్కనూ చూపిస్తాం. తెగుళ్ళ మధ్య ఫోటోల సంఖ్యలో తేడా కూడా చూసుకోవాలి. కాగుల్‌కు ఇచ్చిన ఆ వరి ఫోటోల్లో అగ్గి 1,738 ఉంటే బాక్టీరియా ఎండాకు 479 మాత్రమే. ఎక్కువ చూసినదాని పేరే మోడల్ నోట్లో ముందుంటుంది. తక్కువ ఉన్నవాటి మీద చేసే తప్పుకు ఎక్కువ బరువు వేసి సరిచేస్తాం, అంతకంటే మంచిది పోయి ఇంకాసిని ఫోటోలు తేవడం.

మోడల్ దేన్ని చూసి చెబుతోందో తెలుసుకోవడానికి గ్రాడ్‌క్యామ్ అనే పద్ధతి ఉంది. 2017లో రామ్‌ప్రసాద్ సెల్వరాజు, ఆయన తోటివాళ్ళు తెచ్చారు. మోడల్ చూపు ఎక్కడ ఆగిందో ఫోటో మీద ఎర్రగా చూపిస్తుంది. మా మొదటి మోడల్ హిస్పా పురుగు నష్టాన్ని భలే గుర్తుపట్టేది. గ్రాడ్‌క్యామ్ పెట్టి చూస్తే ఆకు మీద తెల్ల చారల దగ్గర ఎరుపు లేదు, ఆకును పట్టుకున్న బొటనవేలి మీద ఉంది. హిస్పా ఫోటోలన్నీ ఆకు పట్టుకునే తీశారు మరి. చెన్నై కుర్రాడు, నేను ఆ రాత్రి కూర్చుని అన్ని తెగుళ్ళకూ ఎరుపు ఎక్కడ పడుతోందో ఒక్కొక్కటే చూశాం. ఎండాకు తెగులుకు అలలలాగా వంకరపోయే పసుపు అంచు మీద సరిగ్గా పడింది. సారుకు చూపిస్తే, "ఇది చూడాల్సిన చోటే చూస్తోంది" అన్నారు. ఆయన నోట అంతకుమించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు.

మొబైల్‌నెట్‌వీ2 మీద కట్టిన మోడల్ మామూలుగా 14 మెగాబైట్లు ఉంటుంది. లోపలి అంకెలను కుదిస్తే నాలుగో వంతుకు వస్తుంది. అప్పుడది రైతు పాత ఫోనులో కూర్చుంటుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. పులికాట్ ఒడ్డు కయ్యల్లో సిగ్నల్ కోసం గట్లు ఎక్కి తిరగాల్సిన పని లేదు. ఆఫ్రికాలో కర్రపెండలానికి ప్లాంట్‌విలేజ్ వాళ్ళే చేసిన నూరు అనే యాప్ ఇట్టా నెట్ లేకుండా నడుస్తుంది, మాకు ధైర్యం ఇచ్చింది అదే.

ఇక నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన సంగతికి వస్తాను. మోడల్ ఇచ్చే శాతాలన్నీ కలిపితే నూరు కావాలి. దానికి చెప్పు చూపించినా ఏదో ఒక తెగులు పేరు చెప్పి తీరుతుంది. అందుకని మేం రెండు పనులు చేశాం. ఇతరం అని ఒక తరగతి పెట్టి, యూరియా మాడు, కలుపు మందు దెబ్బ, ఉప్పు దెబ్బ, బురద, గట్టు మీది గడ్డి అన్నీ అందులో వేశాం. రెండోది, నమ్మకం ఒక గీతకు దిగువన ఉంటే పేరు చెప్పకుండా తెలియదు అనాలి. ఆ గీత ఎక్కడ గీయాలన్నది సారు, నేను వాదులాడుకుని తేల్చిన సంగతి. తప్పు చెబితే రైతు మందు కొంటాడు, తెలియదంటే ఒక ఫోను చేస్తాడు. గీత పైనే ఉండాలన్నారు సారు. ఆయన మాటే నిలిచింది.

దాని ఫలితం చిట్టమూరు వైపు ఒక కయ్యలో చూశాను. రైతు పెద్ద వయసాయన, ఎకరాలకు ఎకరాలు ఆకు కొసలు ఎండిపోయి ఉన్నాయి. ట్యాంకులో మందు కలిపి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఫోను పెట్టి చూస్తే తెలియదు అని వచ్చింది.

"ఫోనే తెలీదంటా ఉంటే నువ్వెందుకబ్బయా ఇంత దూరం వచ్చింది?"

"తెలీదన్నప్పుడు కొట్టొద్దు మామా. గాజు గ్లాసులో తేట నీళ్ళు ఇప్పియ్యి."

ఆకు కోసి గ్లాసులో పెట్టాం. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని గ్లాసుకేసే చూస్తున్నాడు. ఎంతసేపు చూసినా ధార దిగలేదు.

"నీళ్ళు తేటగానే ఉండాయే."

"తెగులు కాదు మామా, ఉప్పు. బోరు నీళ్ళు పెట్టావా?"

పెట్టాడు. ఉప్పు కొలిచే ఈసీ మీటరు ముంచితే అంకె చూడగానే తెలిసిపోయింది. నేలలో ఉప్పు మీటరుకు 3 డెసీసైమన్లు దాటితే వరికి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఇక్కడ నీళ్ళలోనే అంతకు మించి ఉంది. బోరు ఆపి, కయ్యలో నీళ్ళు తీసేసి, చెరువు నీళ్ళు మార్చి మార్చి పెట్టమన్నాం. కొత్త ఆకులు కొసల దాకా పచ్చగా వచ్చాయని ఆయనే ఫోను చేశాడు. కలిపిన మందు ఆ రోజు ఎక్కడా కొట్టలేదు. మా మోడల్ మొదటి గెలుపు ఏదని ఎవరడిగినా ఇదే చెబుతాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా వైపు కయ్యలు ముంచేసింది. నీళ్ళు తీశాక ఆకుల నిండా ఒండ్రు చుక్కలు. రైతులు గాభరాతో ఫోటోలు మీద ఫోటోలు పంపారు. ఇతరం తరగతిలో బురద ముందే ఉంది కాబట్టి చాలావాటికి మోడల్ పేరు పెట్టలేదు. మిగిలినవాటికి ఒకటే సలహా, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ తీయండి. తుడిస్తే పోయేది తెగులు కాదు. ఆ తర్వాత వారం మబ్బు పట్టి, రాత్రులు చల్లబడి, మంచు పడడం మొదలైనప్పుడు అసలైన అగ్గి వచ్చింది. ఆ వాతావరణం చూసి ముందే ఫోన్లు చేసి కయ్యల్లోకి పొమ్మన్నాం.

ఒక్క చోట మాత్రం ఈ విద్య నాకు బాధే మిగులుస్తుంది. మెడవిరుపు. అగ్గి తెగులే కంకి మెడకు పట్టి నల్లగా కుళ్ళి, కంకి వాలిపోయి తాలుగా మిగులుతుంది. మోడల్ దాన్ని చాలా బాగా గుర్తుపడుతుంది. ఫోటో అంత స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ ఫోటో తీసే నాటికి చేయడానికి ఏమీ ఉండదు. మెడవిరుపు అని తెర మీద సరిగ్గా వచ్చిన పేరు చూసి రైతు అడుగుతాడు, ఇప్పుడేం కొట్టాలి అని. ఆ ప్రశ్నకు జవాబు పొట్ట దశలో ఉంది, అది దాటిపోయింది. అందుకే ఇప్పుడు మేం ఫోటో కోసం ఎదురుచూడం. పైరు పొట్ట దశకు వచ్చే తేదీలు ఊరివారీగా రాసుకుని, మంచు పడే రాత్రులు లెక్కపెట్టుకుని, ఆకు మీద అగ్గి ఉన్న కయ్యలకు ముందు పోతాం. ఆకు మచ్చ చూపించిన ఫోటోకు విలువ అక్కడుంది.

ప్రస్తుతం చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి కంకినల్లి. గింజ రంగు మారి తాలు పోతుంటే అది నల్లి పనో, శిలీంధ్రం పనో ఫోను కెమెరాకు తెలియదు. నల్లి కంటికి కనపడదు. ఫోనుకు తగిలించే చిన్న క్లిప్ లెన్స్‌తో ఆకు తొడిమ లోపలివైపు చీల్చి తీస్తున్నాం. చెయ్యి కాస్త కదిలినా మసకబారుతుంది, అందుకని తొడిమను అట్టముక్కకు అంటించి తీసే పద్ధతి కుదిరింది.

రెండోది నిమ్మలో గజ్జి తెగులు. గూడూరు మార్కెట్‌కు పోయే కాయ మీద గజ్జి మచ్చ ఉంటే ధర పడిపోతుంది. ఆకు మీద మచ్చ ఉబ్బి గరుకుగా ఉంటుంది, చుట్టూ పసుపు వలయం ఉంటుంది. వేలితో తడిమితే ఇట్టే తెలుస్తుంది, ఫోటోలో ఆ గరుకుతనం కనపడాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి. ఆకుతొలిచే పురుగు చేసిన గాయాల్లోంచే గజ్జి ఎక్కువగా లోపలికి పోతుంది, ఒకే ఆకు మీద రెండూ ఉంటాయి, కాబట్టి ఒక ఫోటోకు ఒక పేరు అన్న మా పాత పద్ధతి ఇక్కడ చెల్లదు. మచ్చ చుట్టూ గడి గీసి ఒక్కో గడికీ పేరు పెట్టాలి. తిరుపతిలో రూపొందించిన బాలాజీ రకం గజ్జిని కొంత తట్టుకుంటుంది, ఆ తోటల ఫోటోలు వేరుగా కట్టాలి. వానలు తగ్గగానే మొదలుపెడుతున్నాం. ఏ తోటలు నేర్పడానికి, ఏ తోటలు పరీక్షకు అన్నది ముందే విడదీసి నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాం. సారు కూడా వస్తానన్నారు.